మిగిలిన గడపలు

గళ్ళ చొక్కా ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"సరేనండీ, మీకూ కుదరదు, మాకూ కుదరదు. ఇంకో చోట చూసుకుంటాం," అని భార్యకి కళ్ళతోనే సైగ చేశాడు. ఆవిడ బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఇద్దరూ తలుపు వైపు నడిచారు.

ఆ నడక అందరికీ తెలిసిందే. చీరల కొట్లో నడుస్తాం, స్టీలు సామాన్ల కొట్లో నడుస్తాం. లేచి అయిదడుగులు వేస్తే కొట్టువాడు "రండమ్మా, ఎక్కడికెళ్తారు, మాట్లాడుకుందాం" అని వెనక్కి పిలవాలి. అలా పిలుస్తాడన్న ధైర్యంతోనే లేస్తాం.

సేల్స్‌మన్ పిలవడానికి నోరు తెరిచాడు. అతని చెవిలోని రిసీవర్లో ఒకే ఒక్క మాట వినబడింది.

"పిలవకు."

ఆ మాట అన్నవాడు మేడమీద అద్దాల గదిలో ఉన్నాడు. పేరు కృపాకర్. అతని పక్కనే నిలబడి తెర వైపు చూస్తోంది డాక్టర్ ఇందుమతి. తెరమీద ఎర్రగా ఒక అంకె. 1.

"ఒక్క గడప," అన్నాడు కృపాకర్. "ఆయన కాళ్ళలో ఇంకొక్క షోరూమ్ ఎక్కే ఓపికే మిగిలింది మేడమ్. ఆ ఒక్కటీ కూడా ఎక్కడు. చూస్తూ ఉండండి."

గళ్ళ చొక్కా ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. అక్కడ పాలరాతి వినాయకుడి విగ్రహం, దాని ముందు వరసగా విడిచిన చెప్పులు. ఒక కాలికి చెప్పు తొడిగాడు. వెనక్కి చూశాడు. ఎవరూ పిలవలేదు. బయట మద్దిలపాలెం రోడ్డు మీద ఎండ మాడ్చేస్తోంది. భార్య ఏదో గొణిగింది. తొడిగిన చెప్పు మళ్ళీ విప్పాడు.

రెండు నిమిషాల తరవాత, మొదట చెప్పిన ధరకే సంతకం పెట్టాడు.

ఆ గచ్చులో పరిచినవి ఇందుమతి కనిపెట్టిన పలకలు. మనిషి నోరు బేరమాడుతుంది, మొహం నటిస్తుంది. అలసిన పాదానికి మాత్రం నటన రాదు. బొటనవేలు నేలని పట్టుకునే తీరు, మడమ మోపడంలో జరిగే చిన్న ఆలస్యం, ఈ కాలి నుంచి ఆ కాలికి బరువు మారే వేగం... పన్నెండు అడుగులు నడిస్తే చాలు, ఆ మనిషి ఇంకా ఎంత తిరగగలడో పలక చెప్పేస్తుంది. ఆసుపత్రి వరండాల్లో ముసలివాళ్ళు పడిపోకముందే నర్సుకి తెలియాలని ఏడేళ్ళు కష్టపడి తయారుచేసింది ఆమె. ఏ ఆసుపత్రీ కొనలేదు. కృపాకర్ కొన్నాడు. "పదముద్ర" అని పేరు పెట్టి, ఊళ్ళోని పదకొండు కార్ల షోరూములకీ వేయించాడు.

అంకె తగ్గిన కొద్దీ ధర పెరుగుతుంది. పది గడపలు మిగిలినవాడు పక్క షోరూముకి పోతాడు కనక వాడికి తగ్గించాలి. ఒక్క గడప మిగిలినవాడు ఎక్కడికీ పోడు.

మొదట్లో ఒక్కటే చిక్కు వచ్చింది. పలక ఉత్త పాదాన్నే చదవగలదు. కారు కొనడానికి వచ్చినవాడి చేత బూట్లు విప్పించడం ఎలా అని ఇందుమతి నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటే, కృపాకర్ ఒక్క పూటలో తేల్చేశాడు. గుమ్మంలో వినాయకుణ్ణి పెట్టించాడు. బోర్డు అక్కర్లేదు, కాపలావాడు అక్కర్లేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే విప్పేస్తున్నారు.

"సైన్సు మీది, భక్తి వాళ్ళది, ఐడియా నాది," అన్నాడు కృపాకర్ ఇప్పుడు కూడా, తెర ఆపేస్తూ.

ఇందుమతి నవ్వలేదు. "ఎముకల వార్డుకి వంద పలకలు ఉచితంగా ఇస్తామన్నారు. ఆ సంగతి?"

"ఈ ఏడాది లెక్కలు ముగియనివ్వండి మేడమ్."

పోయినేడూ అదే మాట అన్నాడు.

*

ఆదివారం మధ్యాహ్నం కంచరపాలెంలో అక్క ఇంట్లో భోజనం. అక్క వరలక్ష్మి రొయ్యల ఇగురు గిన్నె తెచ్చి చెల్లెలి కంచంలో అడక్కుండానే కుమ్మరించింది.

"ఏటే ఇందూ, కెలుకుతన్నావు, తినవేటి? ఆ కంపెనీవోళ్ళు నీకు తిండి కూడా పెట్టేత్తన్నారేటి?"

"తింటున్నానక్కా."

ఇందుమతికి తొమ్మిదేళ్ళప్పుడు అమ్మానాన్నలు ఒకే ఏడాది పోయారు. అప్పటినుంచీ అక్కే అమ్మ. బావ పైడినాయుడు ముప్ఫయ్యేళ్ళుగా టాక్సీ నడుపుతున్నాడు. ఇప్పుడు ఆయన బండికి పదిహేనేళ్ళు నిండాయి, రోడ్డెక్కడానికి వీల్లేదు. పరవాడలో మందుల కంపెనీ ఒకటి తన ఉద్యోగుల్ని షిఫ్టులకి తిప్పడానికి ఆయనతో మూడేళ్ళకి ఒప్పందం రాసుకుంది. ఒకటే షరతు: ముప్ఫయ్యో తారీఖులోగా ఏడు సీట్ల కొత్త బండి గేటు ముందు కనబడాలి. కనబడకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. యాభై ఆరేళ్ళ డ్రైవర్ని పిలిచి మళ్ళీ అలాంటి పని ఇచ్చేవాళ్ళెవరూ లేరు.

ఇవాళ ఇరవై మూడు.

"ఇందూ, నీకో ఇచిత్రం సెప్పాల," అన్నాడు పైడినాయుడు, ఎడం మోకాలు సాగదీసి పీట మీద పెట్టుకుంటూ. "మొదటి షోరూముకి ఎల్లినపుడు పన్నెండున్నర లచ్చలన్నాడు. ఇంకొంచెం తగ్గుద్దేమోనని రెండోదానికెల్లాను. పన్నెండూ డెబ్బయ్యన్నాడు. నిన్న ఆరోదానికెల్లేసరికి పదమూడున్నర దాటీసింది. అదే బండి, అదే రంగు. తిరిగిన కొద్దీ పెరుగుతాదేటమ్మా రేటు?"

"నీ మొకం సూసి పెంచేత్తన్నారు మావా," అంది వరలక్ష్మి.

"నా మొకానికే అంత రేటుంటే ఈపాటికి సినిమాల్లో ఉండీవోణ్ణే."

"ఫోన్ చేసి అడగొచ్చు కదా బావా," అంది ఇందుమతి.

"అడిగాను. ఫోన్లో సెప్పరట. 'ఒక్కసారి షోరూముకి దయచేయండి సార్' అంటాడు ప్రతీవోడూ. మొదటిదానికే తిరిగెల్లి ఆ పన్నెండున్నరకే ఇచ్చీమన్నాను. అది పోయినవారం రేటు, ఇప్పుడు పద్నాలుగన్నాడు. బ్యాంకువోడు పన్నెండూ ఎనభైకి మించి ఒక్క పైసా ఇయ్యనని సెప్పీసాడు. మరేటి సేత్తాం? ఇంకా అయిదున్నాయి. తిరుగుతాను. తిరిగితే ఎక్కడో ఒక దగ్గర దొరక్క పోదు."

అలా అంటూ మోకాలు ఒత్తుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళ పాటు క్లచ్ తొక్కి తొక్కి అరిగిపోయిన కాలు అది. ఇందుమతి తన మొట్టమొదటి పలకని పరిచింది ఈ ఇంటి డాబా మీదే. దాని మీద ఆరు నెలలపాటు రోజూ సాయంత్రం ఉత్త కాళ్ళతో ఇటూ అటూ నడిచిపెట్టింది బావే. "నా కాలు కూడా సదువుకుంతంది," అని పక్కింటివాళ్ళకి గొప్పగా చెప్పుకున్నాడు.

"నువ్వా కార్లవోళ్ళ దగ్గరే కదే పని," అంది వరలక్ష్మి. "బావ గురించి ఓ మాట సెప్పరాదేటి?"

కంచంలో ఇగురు చల్లారిపోయింది.

*

సోమవారం పొద్దున్న అందరికంటే ముందు ల్యాబుకి వెళ్ళి రికార్డు తెరిచింది. ఒక మనిషి పాదాన్ని పదముద్ర ఒక్కసారి చదివితే చాలు, పదకొండు షోరూముల్లో ఎక్కడ అడుగుపెట్టినా గుర్తుపడుతుంది. బావ పాదం కోసం వెతకాల్సిన పని లేకపోయింది. పట్టీలో మొట్టమొదటి పేరే అది. "నమూనా 1."

మిగతా మనుషుల పాదాల్ని చదవడంలో యంత్రం అప్పుడప్పుడు ఒకటీ రెండూ అంకెలు పొరపడుతుంది. బావ విషయంలో ఒక్కసారీ పొరపడదు. నడక అంటే ఏమిటో, అలసట అంటే ఏమిటో అది నేర్చుకున్నదే ఆ కాలి మీద.

పన్నెండో తారీఖు: 6. పద్నాలుగు: 5. పదహారు: 4. అలా దిగుతూ నిన్నగాక మొన్న: 2.

కృపాకర్ రాగానే ఎదురెళ్ళింది. "ఒక్క మనిషి విషయంలో అంకె మార్చాలి."

విషయం విని ఆయన కాఫీ చల్లార్చుకుంటూ తల ఊపాడు. చిరాకు పడలేదు.

"మీ బావగారా? అయ్యో. కానీ మేడమ్, ఒక షోరూమ్ తగ్గిస్తే మిగతా పదీ తెర మీద చూస్తాయి. వాళ్ళకి నేను సమాధానం చెప్పుకోవాలి. ఊరికే చెప్పలేను కదా." సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "మీకిది తెలుసు. కార్ల షోరూముల వరకే మీరు నాకు హక్కులిచ్చారు. మిగతావి కూడా ఇచ్చేయండి. కల్యాణమండపాలు, కాలేజీ అడ్మిషన్లు, ఇళ్ళ అద్దెలు, ఆసుపత్రులు. మనిషి నాలుగు చోట్ల తిరిగి రేటు కనుక్కునే ప్రతి గుమ్మం. సంతకం పెట్టండి. మీ బావగారికి పన్నెండు లక్షలకి కారు. ఎముకల వార్డుకి వంద పలకలు. రేపే."

"ఆసుపత్రి గుమ్మంలో కూడానా?"

"అక్కడికొచ్చేవాళ్ళ దగ్గర ఎన్ని గడపలు మిగిలుంటాయంటారు?"

ఇందుమతి కాగితం ముట్టుకోలేదు. "పెట్టను," అంది.

"తొందరేం లేదు," అన్నాడు కృపాకర్.

*

ఆ సాయంత్రం కంచరపాలెం వెళ్ళి మొత్తం చెప్పేసింది. బయట చెబితే జైలు దాకా పోతుందని కృపాకర్‌తో రాసుకున్న ఒప్పందాన్ని పక్కన పెట్టేసింది. పలక సంగతి, అంకె సంగతి, వినాయకుడి సంగతి చెప్పి, చివరికి నమూనా 1 సంగతి కూడా చెప్పింది.

పైడినాయుడు తన ఎడం పాదం వైపు చూసుకున్నాడు.

"అంటే నాను నోరు మూసుకున్నా, నా కాలే నా గుట్టంతా ఆళ్ళకి సెప్పేత్తందన్నమాట."

"క్షమించు బావా."

"నువ్వు సేసింది మంచికే కదమ్మా." ఆయన ఆ మాట అనకుండా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి. "ఇప్పుడేటి సేయాల?"

"చెప్పులు విప్పకు. పలక చదవలేని అడుగుని కొత్త మనిషిగా లెక్క వేస్తుంది. కొత్త మనిషికి కింది రేటే చెబుతారు. అంతే బావా. చెప్పులతో నడు, కూర్చో, చెప్పిన రేటుకి సరే అను."

"ఓస్, ఇంతేనా!" అంది వరలక్ష్మి. "కొత్త జోళ్ళు తీసిత్తాను. టకటకమని ఎల్లొచ్చేద్దాం."

మంగళవారం పదిన్నరకి ముగ్గురూ గాజువాక షోరూము మెట్లెక్కారు. పైడినాయుడు కాళ్ళకి కొత్త జోళ్ళు. వరలక్ష్మి పట్టుచీర కట్టుకుంది. ముందు ఇందుమతి చెప్పులతోనే లోపలికి నడిచి, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

వాళ్ళిద్దరూ గుమ్మంలోనే నిలబడిపోయి ఉన్నారు.

విగ్రహం ముందు దీపం వెలుగుతోంది. ఎవరో ఎర్ర మందారాలు పెట్టారు. వరలక్ష్మి చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. కాళ్ళు వాటంతటవే చెప్పుల్లోంచి బయటికి వచ్చేశాయి.

"అక్కా!"

"నావల్ల కాదే," అంది వరలక్ష్మి, సగం ఏడుపు గొంతుతో. "సామి ఎదట జోళ్ళతో ఎలగెల్తానే? కొత్త బండి కొనుక్కోడానికొచ్చి?"

"బావా, నువ్వు రా. నువ్వొక్కడివీ వచ్చెయ్."

పైడినాయుడు కుడికాలు గడప దాటించాడు. లోపల సోఫాలో కూర్చున్న పెద్దావిడ ఒకరు కళ్ళజోడు సవరించుకుని, "ఏటి బాబూ, దేవుడి ముందు సెప్పులేటి? పెద్దోడివి, నీకు సెప్పాలేటి?" అంది. పక్కనున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

ఆయన మొహం కందిపోయింది. ఇన్నేళ్ళలో పొద్దున్నే స్టీరింగుకి దణ్ణం పెట్టకుండా బండి తియ్యని మనిషి. వంగి రెండు జోళ్ళూ విప్పాడు. చేత్తో పట్టుకుని తీసుకెళ్ళి విగ్రహానికి దూరంగా పెట్టి, చెంపలు వేసుకుని, ఉత్త పాదాలతో ఆ చల్లని నేల మీద నడిచి వచ్చాడు. ఎడం మడమ ఆలస్యంగా మోపుతున్న సంగతి ఇందుమతికి ఏ తెరా లేకుండానే తెలిసిపోయింది.

సేల్స్‌మన్ చెవి రిసీవరు సర్దుకుని, నవ్వుతూ పద్నాలుగున్నర చెప్పాడు.

*

మర్నాటికల్లా పదకొండు షోరూములకీ కొత్త ఆజ్ఞ వెళ్ళింది. చదవలేని అడుగు కనబడితే కొత్త మనిషని అనుకోవద్దు, సున్నా వేయండి. కెమెరాలో ఆమెని చూసిన కృపాకర్ ఫోన్ చేసి మందలించలేదు కూడా. ఆజ్ఞ నకలు ఒకటి ఆమెకి పంపాడు, అంతే.

ఇరవై ఆరు. ఇంక నాలుగు రోజులు. మిగిలిన నాలుగు షోరూములూ కూడా తిరిగితీరతానని బావ బయల్దేరాడు.

ఇందుమతి సెలవు పెట్టి బయటికి వచ్చింది. ఈ యంత్రాన్ని ఆపడానికి ఊళ్ళో ఎవరో ఒకరు దొరుకుతారు. వకీలు, లేకపోతే వినియోగదారుల సంఘం. అదీ కాకపోతే రుషికొండ దగ్గర ఇంకో పరిశోధన సంస్థ ఉంది, రెండేళ్ళ కిందట పలకలు తమకిమ్మని వెంటపడింది. వాళ్ళు మొత్తం కొనేస్తే కృపాకర్ చేతిలోంచి జారిపోతుంది.

మొదటి వకీలు విన్నాడు, ఫీజు చెప్పాడు. ఎక్కువే గానీ భరించగలదు. అయినా ఇంకొకరిని కూడా అడుగుదామనుకుంది. సీతమ్మధారలో రెండో వకీలు అంతకి రెట్టింపు చెప్పాడు. మూడో ఆయన డాబాగార్డెన్స్‌లో మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు. ఆయన కాగితాల్లోంచి తల కూడా ఎత్తకుండా, "ఇలాంటి కేసు నేను తప్ప ఎవరూ తీసుకోరమ్మా," అని, నాలుగు రెట్లు చెప్పాడు. మొదటాయనకి ఫోన్ చేస్తే, అది పొద్దుటి ఫీజనీ, ఇప్పటిది చెప్పాలంటే మళ్ళీ రమ్మనీ అన్నాడు.

సంఘం ఆఫీసులో ఫిర్యాదు నమోదు చేసుకోవడానికి నలభై అయిదు రోజులు పడుతుందన్నారు.

రుషికొండ చేరేసరికి మూడున్నరయింది. బస్సు దిగి ఎండలో కిలోమీటరు నడిచింది. పొద్దుణ్ణుంచీ ఏమీ తినలేదు. ఆ సంస్థ మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, రెండేళ్ళ కిందట తాను చెప్పిన మొత్తంలో పదో వంతు చెప్పాడు.

"అప్పుడు మీరే కదండీ..." అంటూ ఆమె లేచింది. లేచి నాలుగడుగులు తలుపు వైపు వేసింది. వెనక్కి పిలుస్తాడని అనుకుంది.

పిలవలేదు. అతను చెవిలోకి వేలు పోనిచ్చి ఏదో సర్దుకున్నాడు.

అప్పుడు చూసుకుంది ఇందుమతి తన కాళ్ళని. ఉత్త పాదాలు. చెప్పులు ఎప్పుడు విప్పింది? గుమ్మం వైపు చూసింది. చిన్న ఇత్తడి వినాయకుడు, నాలుగు మందారాలు. పొద్దున్న రెండో వకీలు గుమ్మంలోనూ ఒకటి ఉంది. మూడో ఆయన గుమ్మంలోనూ ఉంది. సంఘం ఆఫీసులో మెట్లెక్కగానే ఉంది. అన్ని చోట్లా విప్పింది. ఆ ఎర వేయించిన మనిషి పక్కనే రెండేళ్ళు పనిచేసి, తెలిసి తెలిసి, చేతులు జోడించి మరీ విప్పింది.

వంగి గచ్చు మీద అరచెయ్యి ఆనించింది. సన్నని వెచ్చదనం తగిలింది. అది ఆమె పలకే.

*

కృపాకర్ గదిలో దీపాలు ఇంకా ఆర్పలేదు. అయిదున్నరయింది. ఆమె కోసమే కూర్చున్నట్టు కుర్చీ సిద్ధంగా ఉంది.

"నేను సంతకం పెట్టకుండానే వేసేశారు," అంది ఇందుమతి, నిలబడే.

"ట్రయల్ మేడమ్. ట్రయల్‌కి హక్కులు అక్కర్లేదు. పనికొస్తుందో లేదో చూసుకోవాలి కదా. కూర్చోండి, బాగా అలిసిపోయారు." కాగితం తీశాడు. "చదువుకోండి."

ఆమె కుర్చీలో కూర్చుని చదివింది. రెండుసార్లు చదివింది.

"ఇందులో ఎముకల వార్డు లేదు."

"లేదు."

"కారు కూడా పన్నెండు లక్షలన్నారు. ఇక్కడ పన్నెండూ ఎనభై ఉంది. సోమవారం మీరే కదా చెప్పారు..."

"సోమవారం కింద గుమ్మంలో చెప్పులు విప్పి వచ్చినప్పుడు మీ కాళ్ళలో తొమ్మిది గడపలున్నాయి మేడమ్." ఆయన గొంతులో ఎగతాళి లేదు. బండిలో పెట్రోలు ఎంతుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. "ఇప్పుడు లేచి వెళ్ళిపోతానంటే తలుపు తీసే ఉంది. నేను పిలవను."

తలుపు నిజంగానే తీసే ఉంది. దాని అవతల వరండా, వరండా అవతల మెట్లు, మెట్ల కింద రోడ్డు. రేపు ఇరవై ఏడు. ఇంకో వకీలు, ఇంకో మెట్ల వరస, ఇంకో గుమ్మం. ఎల్లుండి ఇరవై ఎనిమిది. బావ ఎడం మోకాలు కళ్ళ ముందు కదిలింది. ఇప్పుడు సంతకం పెడితే రేపే కారు, పరవాడ గేటు. మూడేళ్ళ పని. పెట్టకపోతే ఆ ఇంట్లో అక్క ఏం వండుతుంది, ఎన్నాళ్ళు వండుతుంది?

కాళ్ళని లేవమంది. అవి లేవలేదు.

"బావకి తెలియకూడదు," అంది చివరికి. "తెలిస్తే ఆ బండి ముట్టుకోడు."

"అసలు తెలియదు. ఆయన చివరగా వెళ్ళాల్సింది ఎన్.ఏ.డి. కూడలి దగ్గర షోరూమే కదా? అక్కడే రేటు తగ్గుతుంది. కష్టపడి తిరిగి సంపాదించుకున్నాననే అనుకుంటారు."

కృపాకర్ పెన్ను మూత తీసి ఇచ్చాడు.

*

గురువారం సాయంత్రం వరలక్ష్మి ఫోన్‌లో కేకలు పెట్టింది. "దొరికేసిందే! పన్నెండూ ఎనభైకే! బావ ఇంక ఏడుపొక్కటే తక్కువ!"

శనివారం, ఇరవై తొమ్మిదిన, కొత్త తెల్లబండి నిమ్మకాయలు తొక్కి, దండ వేసుకుని బయల్దేరింది. ముందు సీట్లో అక్క, వెనక ఇందుమతి. సింహాచలం కొండకి వెళ్ళే దారిలో గోపాలపట్నం టాక్సీ స్టాండు దగ్గర పైడినాయుడు బండి ఆపాడు. పాత స్నేహితులకి చూపించకుండా ఎలా పోతాడు?

అయిదారుగురు డ్రైవర్లు మూగారు. ఒకడు బానెట్ నిమిరాడు, ఇంకొకడు తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"ఎంతకిచ్చాడు మావా?"

పైడినాయుడు చెప్పాడు. నమ్మలేదు ఎవరూ.

"మొన్న నాను ఎల్తే పద్నాలుగన్నాడు," అన్నాడు బక్కపలచని మనిషి ఒకతను, అప్పారావు. అతని బండికీ వచ్చే నెలతో పదిహేనేళ్ళు నిండుతాయి. "నీకెలగ తగ్గించాడు?"

"నాకూ పద్నాలుగున్నర దాకా సెప్పారొరే. అక్కడే ఉంది కిటుకు." పైడినాయుడు గొంతు తగ్గించాడు. మిగతావాళ్ళు దగ్గరికి జరిగారు. "షోరూముల్లో ఒక మిషనుంది. మనకి ఓపిక అయిపోయిందని దానికి తెలిసిపోతాది. అప్పుడు రేటు పెంచేత్తాది. మనవోళ్ళంతా అక్కడే పడిపోతన్నారు. ఆరోదాన్లోనో, ఏడోదాన్లోనో సంతకం పెట్టేత్తన్నారు. నాను పెట్టలేదు. కాలు లాగేత్తన్నా ఆగలేదు. పదకొండోదానికి ఎల్లాను. మిషను ఓడిపోయింది! ఓపిక పట్టి ఆఖరిదాకా తిరిగినోడికి అది తగ్గించక తప్పదొరే. నమ్మకపోతే అడగండి, ఆ మిషను కట్టింది మా మరదలే."

అందరూ వంగి కిటికీలోంచి లోపలికి చూశారు. వరలక్ష్మి గర్వంగా వెనక్కి తిరిగింది.

అప్పారావు కిటికీ అంచు మీద చెయ్యి వేశాడు. "నిజమేనా అమ్మా? మొత్తం పదకొండూ తిరిగితే దొరుకుతాదా?"

ఇందుమతి నోరు తెరిచింది. అతని భుజం మీదుగా బావ మొహం కనబడుతోంది. పదిహేనేళ్ళు తగ్గినట్టున్నాడు. జీవితంలో మొదటిసారి ఎవరినో గెలిచినవాడిలా, ఆమె చెప్పబోయే మాట కోసం నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. అది చెబితే ఈ బండి ఇక్కడినుంచే వెనక్కి తిరుగుతుంది.

"సెప్పమ్మా ఇందూ," అన్నాడు పైడినాయుడు.

"నిజమే," అంది ఆమె. "తిరగండి."

అప్పారావు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. మరో ఇద్దరిని వెంటబెట్టుకుని, ఏ షోరూముతో మొదలుపెట్టాలో మాట్లాడుకుంటూ, బస్సు కోసం రోడ్డు దాటాడు.

ఆమె చూడకూడదనుకుంది. కళ్ళు వినలేదు. ముందు నడుస్తున్నవాడివి ఏడు గడపలు. రెండోవాడివి అయిదు.

అప్పారావువి రెండే.